వంద మార్కుల నాలుక

ఖాజాగూడలో మా పక్క ఫ్లాట్‌లో జరిగిన వాదం ఇది. పెద్దనాన్న మేడ్చల్ వైపు ద్రాక్ష పండించిన రైతు. తోట ఉన్న నేల ప్లాట్లయ్యాక కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్నారు. మందు ముట్టరు గానీ చేతికందిన పుస్తకం వదలరు. స్రవంతి ఆయన తమ్ముడి కూతురు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని ఒక రెస్టారెంట్‌లో వైన్ల ఎంపిక, నిల్వ, వడ్డన చూసుకునే సోమెలియర్. ఆ రెస్టారెంట్ కొత్త వైన్ లిస్టు అచ్చుకు సిద్ధమవుతోంది. ధర పక్కనే విమర్శకుల పాయింట్లు వేయాలని యాజమాన్యం అంటోంది. స్రవంతి సరేనంది. పెద్దనాన్న కూడదన్నారు. పాయింట్ల మాట ఎత్తితే అమెరికా వైన్ విమర్శకుడు రాబర్ట్ పార్కర్ పేరు రాక తప్పదు కాబట్టి వాదమంతా ఆయన చుట్టూనే తిరిగింది. ముందు ఇద్దరి మాటలూ ఇస్తాను. నా మాట చివర చెబుతాను.

పెద్దనాన్న: లిస్టు చూసిన బిడ్డా. ప్రతి సీసాకు ధర రాసిండ్రు, మంచిదే. దాని పక్కన 91, 94, 96 అని ఈ అంకెలేంది? పరీక్ష ఎవరు పెట్టిండ్రు, ఎవరు దిద్దిండ్రు?

స్రవంతి: ఒక్కోటి ఒక్కో విమర్శకుడు వేసింది పెద్దనాన్నా. కానీ వందకి ఇన్ని అని వైన్‌కు మార్కులు వేయడం ప్రపంచానికి అలవాటు చేసింది మాత్రం పార్కరే. నేనిచ్చిన పుస్తకం ఆయన గురించే కదా.

పెద్దనాన్న: చదువుతున్న గనకనే అడుగుతున్న. లాయరు చదువు చదివినాయన. ద్రాక్ష పండించే ఇంట్ల పుట్టలే. ఏ కాలేజీల ఈ విద్య నేర్వలే. అసుంటి మనిషి మాట మీద ఫ్రాన్సుల తోటల బతుకు ఎట్ల ఆధారపడ్డది?

స్రవంతి: ఎవరికీ బాకీ లేకపోవడమే ఆయన బలం. 1947లో బాల్టిమోర్‌లో పుట్టాడు. 1967లో, తర్వాత భార్య అయిన అమ్మాయి స్ట్రాస్‌బర్గ్‌లో చదువుకుంటుంటే చూడటానికి వెళ్లి, అక్కడ వైన్ రుచి మరిగాడు. లాయరుగా ఉద్యోగం చేస్తూనే 1978లో తల్లి దగ్గర రెండు వేల డాలర్లు అప్పు తీసుకుని చిన్న పత్రిక మొదలుపెట్టాడు. అదే తర్వాత ‘వైన్ అడ్వకేట్’గా పేరు తెచ్చుకుంది. అందులో ప్రకటనలు వేయనన్నాడు. చందాదారులిచ్చే డబ్బుతోనే నడుపుతానన్నాడు. కార్ల కంపెనీలను వినియోగదారుల పక్షాన నిలదీసిన రాల్ఫ్ నాడర్ ఆయనకు ఆదర్శం. అప్పట్లో వైన్ గురించి రాసేవాళ్లలో చాలామందికి వైన్ అమ్మేవాళ్లతో వ్యాపార బంధం ఉండేది. అమ్మేవాడే మంచిచెడ్డలు చెబితే కొనేవాడు ఎవరిని నమ్మాలి?

పెద్దనాన్న: నిజాయితీ ఉంటె చాలదు కదా. నాకూ నిజాయితీ ఉంది. నా నాలుకను ఎవరు నమ్ముతరు?

స్రవంతి: 1982 పంట జనం ఆయన్ను నమ్మేలా చేసింది. ఫ్రాన్సులోని బోర్డోలో ఆ ఏడాది ఎండ బాగా కాసి పండు బాగా మాగింది. పీపాల్లో ఉన్న వైన్ రుచి చూసిన అమెరికన్ విమర్శకులు కొందరు ఇందులో పులుపు తక్కువ, ఎక్కువకాలం నిలవదని పెదవి విరిచారు. పార్కర్ మాత్రం ఇది గొప్ప పంట, కొని దాచుకోండని గట్టిగా రాశాడు. ఆయన మాట విని కొన్నవాళ్ల సీసాల ధరలు ఆ తర్వాత ఎన్నో రెట్లు పెరిగాయి. 1984లో ఉద్యోగం మానేసి పూర్తిగా ఇందులోకి దిగాడు. ఆయన మాటకున్న అధికారం ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వలేదు. చందా కట్టిన పాఠకులు ఇచ్చారు.

పెద్దనాన్న: సరే. మరి ఆ వంద ఎట్ల లెక్కగడ్తుండెనో చెప్పు.

స్రవంతి: ఏ వైన్‌కైనా ముందు 50 ఇచ్చేసేవాడు. ఆపైన రంగుకు 5, వాసనకు 15, రుచికీ, మింగాక నాలుక మీద అది నిలిచే తీరుకూ కలిపి 20, మొత్తం మీద నాణ్యతకూ ముందు ముందు ఇంకా బాగుపడే గుణానికీ 10. అమెరికా బడిపిల్లల మార్కుల పద్ధతి అది. అక్కడ పుట్టిపెరిగినవాళ్లెవరికైనా 92 అంటే ఏమిటో ఇంకొకరు వివరించనక్కర్లేదు.

పెద్దనాన్న: గందుకే నాకు నచ్చలే. మా తోటల అనాబెషాహి ఉండె. హైదరాబాద్ పండు అది. 1890 ప్రాంతంల అబ్దుల్ బాఖర్ ఖాన్ ఇక్కడ పెంచిండని పేరు. కడీలు పాతి, తీగె గుంజి, పందిరేసి పారిచ్చినం. కోతకొచ్చిందా లేదా అని చూడనీకె మా దగ్గర రిఫ్రాక్టోమీటర్ ఉండె. కాయ నలిపి ఒక్క చుక్క రసం ఆ అద్దం మీద వేసి, మూత మూసి, ఎండ దిక్కు పెట్టి కన్ను ఆనిస్తె లోపల గీత కనపడ్తది. ఆ గీత యాడ ఆగితె పండుల చక్కెర అంత. నేను చూసినా గంతే, నా జీతగాడు చూసినా గంతే, కొననీకె వచ్చిన సేటు చూసినా గంతే. అంకె అంటె గది. ఈయన చూస్తె 95, ఇంకొకరు చూస్తె 70 వచ్చేది అంకె ఎట్లయితది? అది అభిప్రాయం. అభిప్రాయానికి అంకె వేషం కట్టిండ్రు.

స్రవంతి: నీ రిఫ్రాక్టోమీటర్ తీపి చెబుతుంది. వాసన చెబుతుందా? వగరు పళ్ల చిగుళ్లను పట్టేస్తుందో, మెత్తగా జారిపోతుందో చెబుతుందా? యంత్రం చెప్పలేని చోటే మనిషి నాలుక కావాలి. నాలుకకూ సాధన ఉంటుంది. మాస్టర్ ఆఫ్ వైన్ పరీక్షలో పేరు చెప్పకుండా ముప్పై ఆరు వైన్లు ఇస్తారు, మూడు పేపర్లలో పన్నెండేసి చొప్పున. ఏ రకం పండు, ఏ ప్రాంతం, ఎలా తయారైంది, నాణ్యత ఎంత అన్నది కారణాలతో సహా రాయాలి. మన దేశం నుంచి ఆ పట్టా మొదట సాధించింది సోనల్ హోలండ్, 2016లో. ఊహించి రాసేవాళ్లు అందులో నెగ్గలేరు.

పెద్దనాన్న: ఆమెను గౌరవిస్త. కారణం చెప్తున్నది గద. పార్కర్ గూడ కారణం రాసిండు, నేను కాదంటలే. కని మీ లిస్టుల కారణం యాడుంది? ఉత్త అంకె ఉంది.

స్రవంతి: మా టేబుల్ దగ్గరికి వచ్చే మనిషిని తలుచుకో పెద్దనాన్నా. పాతికేళ్ల కుర్రాడు, క్లయింట్‌ను భోజనానికి తీసుకొచ్చాడు. లిస్టులో ఉన్నవన్నీ నోరు తిరగని ఫ్రెంచి పేర్లు. విదేశీ వైన్ మీద మామూలు కస్టమ్స్ సుంకమే నూటయాభై శాతం. పైన రాష్ట్రం పన్నులు, మా ఖర్చులు. బయటి దేశంలో ఓ మాదిరి అనుకునే సీసా ఇక్కడ అతని జేబుకు పెద్ద బరువు. అడిగితే తెలియదని బయటపడుతుందేమోనని అడగడు. 92 అన్న అంకె అతనికి ఆసరా. బోర్డోలో 1855లో దళారులు ధరల్ని బట్టి తోటలకు అంతస్తులు కట్టారు. తర్వాత అందులో చెప్పుకోదగ్గ మార్పు ఒక్కటే, 1973లో మూతోన్ రోత్‌షీల్డ్‌ను మొదటి శ్రేణికి పెంచడం. అంత గడ్డకట్టిన అంతస్తుల మధ్య పార్కర్ వచ్చి, పెద్ద పేరున్న తోటకు తక్కువ, పేరులేని చిన్న తోటకు ఎక్కువ వేశాడు. షెవల్ బ్లాంక్ అంతటి తోటకే 1981 వైన్ బాగాలేదని రాశాడు. కోపంతో ఉన్న అక్కడి మేనేజరు ఇంటికి మళ్లీ రుచి చూడటానికి వెళితే కుక్క కరిచిందని కూడా చెబుతారు. మళ్లీ రుచి చూశాక తన అంచనా సవరించుకుని మార్కులు పెంచాడు. జమీందారీ లాంటి వ్యవస్థలో కొనేవాడి తరఫున నోరెత్తిన మనిషాయన.

పెద్దనాన్న: జమీందార్లను దించిండు, ఒప్పుకుంటున్న. దించి ఆ గద్దె మీద ఎవరు కూసున్నరు? ఆయనే కదా. బోర్డోల వైన్ ఇంక పీపాలల్ల ఉండంగనే ముందస్తుగ అమ్ముకుంటరట. ఎండకాలం రాకముందె పార్కర్ పోయి రుచి చూస్తుండెనట, ఆయన మార్కులు చూసి తోటలోళ్లు ధర కడ్తుండిరట. ఒక్క మనిషి నాలుక మీద ఊరంతటి ధర!

స్రవంతి: దాన్ని ఆర్థికవేత్తలు లెక్క కూడా కట్టారు. 2003 వసంతంలో, ఇరాక్ యుద్ధం సమయంలో, ఆయన బోర్డో వెళ్లలేదు. ఆ ఏడాది చాలా తోటలు ఆయన మార్కులు రాకముందే ధరలు చెప్పాల్సి వచ్చింది. మిగతా ఏళ్లతో పోల్చి చూస్తే ఆయన మార్కుల ప్రభావం సగటున సీసాకు మూడు యూరోల దాకా ఉందని తేల్చారు. 2008లో ఆ పరిశోధన అచ్చయింది. సగటు మూడు యూరోలే పెద్దనాన్నా. ప్రళయమేం కాదు.

పెద్దనాన్న: సగటు మూడు. నూరు మార్కులు పడ్డ తోటకెంత, ఎనభై పడ్డ తోటకెంత? సరే, ధర సంగతి పక్కన పెట్టు. ధర కన్న పెద్ద నష్టం ఇంకోటుంది. అది నేను కండ్లార చూసిన.

స్రవంతి: ఏమిటది?

పెద్దనాన్న: మార్కెట్ ఏది కొలుస్తదో పంట గట్లనే తయారైతది. మాకు గింజ ఉన్న అనాబెషాహి మీద మోజు తగ్గి, గింజలేని థామ్సన్ మీదికి మళ్లింది. అప్పటి గడ్డిఅన్నారం మార్కెట్ల కొనేటోడు కాయ నోట్లె ఎయ్యకపోతుండె. సైజు చూస్తుండె. పొడుగుండాలె, లావుండాలె. మేమేం చేసినం? జిబ్బరెలిక్ యాసిడ్ మందు నీళ్లల్ల కలిపి, కూలోళ్ల చేతికి మగ్గులిచ్చి, పందిరి కింద ఒక్కొక్క గుత్తిని అందుల ముంచి ముంచి తీపిచ్చినం. కాయ బోర్లించిన బుడ్డిలెక్క ఊరింది. ధరొచ్చింది. రుచి? మా ఇంట్ల పిల్లలే తినలే. తప్పు రైతుదా, కొనేటోనిదా? కొలిచే తీరుది. సైజు ఒక్కటే కొలిస్తె ఊరంత సైజే పండిస్తది. పార్కర్‌కు ఏ రుచి ఇష్టమో తెల్సినంక ప్రపంచమంత ఆ రుచే పండిచ్చిందట గద. నువ్విచ్చిన పుస్తకంలనే ఉంది.

స్రవంతి: ఆ విమర్శ ఉంది. పండును చెట్టు మీదే బాగా మాగనిచ్చి, ఆల్కహాల్ ఎక్కువగా, రంగు చిక్కగా, కొత్త ఓక్ పీపాల వాసన ఘాటుగా ఉండేలా చేస్తే ఆయన ఎక్కువ మార్కులు వేస్తాడని నమ్మి చాలామంది అటు మళ్లారు. దాన్ని పార్కరీకరణ అన్నారు. 2004లో వచ్చిన ‘మోండోవినో’ అనే డాక్యుమెంటరీ ఆయన్నూ, ఆయన మిత్రుడైన సలహాదారు మిషెల్ రోలాండ్‌నూ దీనికి బాధ్యులుగా చూపి ప్రశ్నించింది. 2008లో ఆలిస్ ఫైరింగ్ అయితే ప్రపంచాన్ని పార్కరీకరణ నుంచి కాపాడుకోవడమే అంశంగా పుస్తకం రాసింది. ఆ రోలాండే మన పక్క రాష్ట్రంలోని నందికొండల్లో గ్రోవర్ తోటలకు కూడా సలహాలిచ్చాడు. 1990ల నడిమి నుంచి కర్ణాటక వైన్‌కు ఒక రూపం వచ్చిందంటే అందులో ఆయన పాత్ర ఉంది. దాన్ని నష్టమని ఎలా అనను?

పెద్దనాన్న: సలహా ఇయ్యొద్దని కాదు. నందికొండల మట్టి నందికొండల రుచియ్యాలె. బోర్డో బొమ్మ కావొద్దు.

స్రవంతి: పార్కర్ కూడా బొమ్మలు అడగలేదు. ఫ్రాన్సులోనే ఎవరూ పెద్దగా పట్టించుకోని రోన్ లోయ వైన్లను ఆయన మెచ్చుకుంటే అక్కడి రైతుల చేతుల్లో డబ్బు ఆడింది. మురికి పీపాలు, అజాగ్రత్త, అతిదిగుబడి వంటివాటిని ఆయన ఉతికి ఆరేస్తే తోటలు శుభ్రపడ్డాయి. 1999లో ఫ్రాన్సు అధ్యక్షుడు షిరాక్ లెజియన్ ఆఫ్ ఆనర్ ఇచ్చింది ఊరికే కాదు. ఆయన్ను సంతోషపెట్టాలని తయారీదార్లు తమ రుచిని మార్చుకుంటే తప్పు ఆయనదా?

పెద్దనాన్న: తన చేతిల ఎంత బలముందో తెల్సినోడు దాన్ని ఎట్ల వాడాలె? నేను అడిగేది అది. పావీ పంచాయతి ఏమైంది? ఆడ ఇద్దరు పెద్ద మనుషులే కదా.

స్రవంతి: షాతో పావీ, 2003 పంట. ఆ వేసవి యూరప్‌లో విపరీతమైన ఎండలు. 2004 వసంతంలో రుచి చూసి పార్కర్ ఆకాశానికెత్తాడు. ఇంగ్లండ్ విమర్శకురాలు జాన్సిస్ రాబిన్సన్ ఇరవైకి పన్నెండు వేసింది. పండు మరీ మాగిపోయిందని, ఇది బోర్డో వైన్‌లా లేదని రాసింది. ఆమె మాస్టర్ ఆఫ్ వైన్. ఇద్దరూ పేరున్నవాళ్లే, ఇద్దరూ నిజాయితీపరులే. మాటామాటా పెరిగి లోకమంతా రెండు పక్షాలుగా చీలింది.

పెద్దనాన్న: ఇగో, నా వాదన నువ్వే చెప్పినవ్. ఒకే వైన్. ఒకరికి శిఖరం, ఒకరికి లోయ. అయితె ఆ అంకె వైన్‌ది కాదు, వేసినోళ్లది.

స్రవంతి: అవును, వేసినవాళ్లదే! అందుకే అది పనికొస్తుంది. పార్కర్‌కు ఏది ఇష్టమో చందాదారుకు తెలుసు. ఆయన రుచి నచ్చినవాడు ఆయన 95 చూసి కొంటాడు. నచ్చనివాడు అదే 95 చూసి జాగ్రత్తపడతాడు. విమర్శకుడు మారుతూ ఉంటేనే కష్టం. నిలకడగా ఉంటే వ్యతిరేకించేవాడికీ ఉపయోగమే.

పెద్దనాన్న: నిలకడ ఉంటదని ఎవరు చెప్పిండ్రు? కాలిఫోర్నియాల ఒక ప్రొఫెసర్ పరీక్ష పెట్టిండట గద.

స్రవంతి: రాబర్ట్ హాడ్జ్‌సన్. ఆయనకూ చిన్న వైనరీ ఉంది. కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీల్లో న్యాయనిర్ణేతలకు తెలియకుండా ఒకే సీసాలోని వైన్‌ను మూడుసార్లు పోయించి మార్కులు పోల్చాడు. చాలామంది మార్కులు నాలుగు అటూ నాలుగు ఇటూ ఊగాయి. పదిమందిలో ఒకరు మాత్రమే నిలకడగా ఉన్నారు. 2008లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. కానీ వాళ్లు వరసగా పదుల గ్లాసులు చూసేవాళ్లు. అలసిన నాలుకను పట్టుకుని నాలుకలన్నీ అబద్ధమనలేం.

పెద్దనాన్న: ఏడాదికి పది వేల వైన్లు చూస్తనని పార్కర్ చెప్పుకున్నడట. ఆయన నాలుక అలవదా? సరే వదిలెయ్. నాలుగు అటు, నాలుగు ఇటు ఊగితె, నీ లిస్టుల 91కీ 94కీ తేడా ఏం మిగిలింది?

స్రవంతి: (కొంచెం ఆగి) పెద్దగా మిగలదు. 85కీ 95కీ మిగులుతుంది.

పెద్దనాన్న: పేరు, రంగు చూసి మార్కు వేయడం సంగతి గూడ చెప్పు. బోర్డోల పిల్లలకు తెల్ల వైన్‌ల ఎర్ర రంగు కలిపిచ్చిండ్రని చదివిన.

స్రవంతి: ఫ్రెడరిక్ బ్రోషే చేశాడు. యాభై నలుగురు విద్యార్థులు. రంగు కలిపిన తెల్ల వైన్‌ను ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. కన్ను ముక్కును నడిపిస్తుందని తేలింది. అందుకే సీసా మీద గుడ్డ కప్పి రుచి చూడమంటాం.

పెద్దనాన్న: పార్కర్ ఎప్పుడూ గుడ్డ కప్పిండా?

స్రవంతి: ఎప్పుడూ కాదు. చాలాసార్లు తోటలకే వెళ్లి, ఏదేమిటో తెలిసే రుచి చూశాడు. 1995లో మ్యూనిఖ్‌లో పాత వైన్లు అమ్మే హార్డీ రోడెన్‌స్టాక్ ఇచ్చిన విందులో 1921 పెట్రూస్ వైన్ పెద్ద సీసాకు నూటికి నూరు వేశాడు. ఆ రోడెన్‌స్టాక్ అమ్మిన పాత సీసాలు నకిలీవని 2006లో అమెరికన్ కోటీశ్వరుడు బిల్ కోక్ కోర్టుకెక్కాడు. ఆ నూరు మీద కూడా నీడ పడింది.

పెద్దనాన్న: చరిత్ర, పేరు, విందు, దీపాలు. వాటన్నిటికీ పడ్డది ఆ నూరు.

స్రవంతి: ఒక్క సంఘటనతో జీవితాన్ని కొలవకు పెద్దనాన్నా. ఒరెగాన్‌లో బామ్మర్దితో కలిసి ఆయనకు బో ఫ్రేర్ అనే తోటలో వాటా ఉండేది. ఆ సంగతి దాచలేదు. తన తోట వైన్‌కు తన పత్రికలో ఒక్కసారి కూడా మార్కు వేయలేదు. ఎంతమంది అలా ఉంటారు?

పెద్దనాన్న: మంచిది. ఆయన ఉన్నడు. ఆయన మనుషులు ఉన్నరా?

స్రవంతి: అక్కడే నాకూ బాధ. పని పెరిగింది, దేశాలు పెరిగాయి, సహచరుల్ని పెట్టుకున్నాడు. ఇతరుల డబ్బుతో ప్రయాణాలు, ఆతిథ్యాలు ఒప్పుకోకూడదన్న ఆయన కట్టుబాటు సహచరులు పాటించలేదని 2009లో పత్రికలకెక్కింది. 2011లో స్పెయిన్ వైన్లు చూసే జే మిల్లర్ పర్యటనలకు మధ్యవర్తులు వైన్ సంఘాల నుంచి డబ్బు అడిగారన్న గొడవ లేచింది. తాను డబ్బు తీసుకోలేదని మిల్లర్ చెప్పాడు. ఆ ఏడాది చివరికే పత్రిక నుంచి బయటికి వెళ్లాడు. 2012లో పత్రికలో పెద్ద వాటా సింగపూర్ పెట్టుబడిదారుల చేతికి పోయింది. 2017లో మిషెలిన్ నలభై శాతం కొంది, 2019లో మొత్తం తీసుకుంది. ఆ ఏడాది మేలోనే పార్కర్ విరమణ ప్రకటించాడు.

పెద్దనాన్న: అంటె అమ్మకానికి పోయింది అంకె. నా డబ్బుతోని కొని తాగుత, ఎవ్వని బిల్లూ కట్టనియ్య అన్న మాట అమ్మకానికి పెట్టలేం. మనిషి నిజాయితీ కంపెనీకి పట్టా చేసి రాసియ్యడానికి రాదు బిడ్డా.

స్రవంతి: ఒప్పుకుంటాను. కానీ ఆ అంకె వెనక ఒకప్పుడు ఆ నిజాయితీ ఉండబట్టే దానికి విలువ వచ్చింది. దాన్ని మరిచిపోతే అన్యాయం.

పెద్దనాన్న: మరి నా ఆఖరి ప్రశ్న. ఆ 94 ఈ సీసాదేనా?

స్రవంతి: అంటే?

పెద్దనాన్న: చల్లటి నేలమాళిగల పీపా కాడ నిలబడి వేసిన మార్కు అది. ఆ సీసా ఓడెక్కింది, రేవుల ఆగింది, లారీ ఎక్కింది. మన రాష్ట్రంల టోకు అమ్మకమంత బెవరేజెస్ కార్పొరేషన్ చేతిల ఉంటది, దాని గోదాముల నిలిచింది. మే నెల హైదరాబాద్ ఎండ నీకు తెల్సు. ద్రాక్ష గుత్తి ఒక్క పూట లారీల ఎండకు పెడ్తె వడలిపోతది. వైన్‌కు ఏమైతదో నువ్వే చెప్పాలె.

స్రవంతి: వేడి తగిలితే ఉడికిన పండు వాసన వస్తుంది, బిరడా బయటికి తన్నుకొస్తుంది. నువ్వన్నది పార్కర్ కూడా అడిగిన ప్రశ్నే. బుర్గుండీలో ఫెవ్లే అనే సంస్థ వైన్ వాళ్ల నేలమాళిగలో చూసినప్పుడు ఉన్నంత బాగా బయట కొన్న సీసాలో లేదని 1990ల్లో తన పుస్తకంలో రాశాడు. ఆ సంస్థ పరువునష్టం దావా వేసింది. చివరికి కోర్టు బయట రాజీ పడ్డారు. ఆ మాట రాసి ఆయన చిక్కుల్లో పడ్డాడు గానీ, కొనేవాడి చేతికి వచ్చే సీసాయే అసలు లెక్క అన్న పట్టుదల సరైనదే.

పెద్దనాన్న: ఇంకోటి. మీ లిస్టుల కొన్నిటికి పంట ఏడు 2019 అని ఉంది. మార్కు ఏ ఏటి వైన్‌కు పడ్డదో చూసినవా?

స్రవంతి: చూశాను. పంపిణీదారు ఇచ్చిన కాగితంలో 2015 మార్కు ఉంది. వేరే ఏడాది వైన్‌కు పడ్డ మార్కు అది. అది తీసేస్తాను. కానీ మిగతావి తీయను పెద్దనాన్నా. మార్కు పక్కన వేసినవాళ్ల పేరు, ఏ పంట ఏడుకు వేశారో అది, రెండు వాక్యాల కారణం వేస్తాను. ఇక్కడి గోదాము నుంచి వచ్చిన సీసా తెరిచి మేం రుచి చూసిన తేదీ కూడా వేస్తాను. తోటకు పడ్డ మార్కు వేరు, మా ఫ్రిజ్‌లోని సీసా వేరని చదివేవాడికి తెలియాలి.

పెద్దనాన్న: కారణం వేస్తె అంకె ఎందుకు?

స్రవంతి: కారణం చదివే తీరిక అందరికీ ఉండదు కాబట్టి.

పెద్దనాన్న: తీరిక లేనోని కోసం లిస్టు రాస్తె రేపు నీకూ తీరిక ఉండదు. నేను ఒప్పుకోను.

ఇద్దరూ ఎక్కడివాళ్లక్కడే ఆగారు. నా మాట ఇది. పార్కర్ ప్రపంచానికిచ్చినవి రెండు. ఒకటి వంద మార్కుల కొలత, రెండోది కొనేవాడి పక్షాన నిలబడి ఎవరి ఉప్పూ తినకుండా మాట చెప్పడం. లోకం మొదటిదాన్ని తీసుకుని రెండోదాన్ని వదిలేసింది. తీసుకోవలసింది రెండోదాన్ని. ఒక్క మనిషి నాలుక, ఎంత నిజాయితీగలదైనా, అన్ని నేలలకూ కొలబద్ద కాకూడదు. ఈ విషయంలో పెద్దనాన్న వాదనే సరైనది. కొలత ఒక్కటే అయితే పంటలన్నీ ఒక్కలాగే తయారవుతాయని ఆయన తన పందిరి కిందే చూశారు. అయితే తెలియనివాడికి దారి చూపేవాళ్లు ఉండాలన్న స్రవంతి మాటనూ కాదనలేను. నిపుణుడు లేని చోట ప్రకటన రాజ్యం చేస్తుంది. ప్రకటన ఎన్నడూ తక్కువ మార్కు వేయదు.

వైన్ మాట ఎలా ఉన్నా, ఖాజాగూడ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా మనం తినేదానికీ ఎక్కేదానికీ చేసే ఉద్యోగానికీ అన్నిటికీ ఎవరో ఒక అంకె వేస్తున్నారు. అందుకని పాఠకులను కోరేది ఒక్కటి. అంకె కనబడగానే మూడు ప్రశ్నలు అడగండి. ఇది వేసిందెవరు? వాళ్ల ఖర్చు భరించిందెవరు? వాళ్లు చూసినదీ నా చేతికొచ్చినదీ ఒకటేనా? మూడింటికీ సూటిగా జవాబు దొరికితే ఆ నిపుణుణ్ని గౌరవించండి. దొరక్కపోతే ఆ అంకెను పక్కన పెట్టి మీ నాలుకనే నమ్మండి.